ఇంటి గోడల్లో పాఠాంతరాలు: రోమనెస్క్ పట్టణగృహాల పరిరక్షణ

మధ్యయుగ ఐరోపా వాస్తుకళ అనగానే చర్చిలు, మఠాలు, కోటలు స్ఫురిస్తాయి. ఆ చర్చి గంట వినిపించే దూరంలో కొట్టు పెట్టుకుని, కొట్టు పైనే కాపురమున్న వర్తకుని ఇల్లు ఎలా ఉండేదన్న ప్రశ్న చాలాకాలం పండితులను ఆకర్షించలేదు. దేవుని ఇంటికి చరిత్రకారులున్నారు, రాజు ఇంటికి ఆస్థానకవులున్నారు. మనిషి ఇంటికి మాత్రం అందులో నివసించినవారే సాక్షులు. వారు పోయాక గోడలే మాట్లాడాలి. 12, 13 శతాబ్దాలలో ఫ్రాన్సు, ఇంగ్లండు, జర్మనీ పట్టణాలలో కట్టిన రాతి ఇళ్లు కొన్ని నేటికీ నిలిచి ఉన్నాయి. వాటిని కాపాడడం ఎలా అన్నది ఒక సాంకేతిక సమస్యగా కనిపించినా, మూలంలో అది వ్యాఖ్యాన సమస్య. ఎనిమిది వందల ఏళ్లలో అనేక చేతులు దిద్దిన ఒక కట్టడంలో దేనిని మూలపాఠంగా గ్రహించాలి, దేనిని ప్రక్షిప్తంగా తోసిపుచ్చాలి అన్నదే అసలు చర్చ.

ఈ శైలికి పేరు కూడా భాషాశాస్త్రం నుంచే వచ్చిందని గుర్తుచేసుకోవడం సాహిత్య పాఠకులకు ఆసక్తికరం. 1818లో ఫ్రెంచి పురావస్తు పండితుడు షార్ల్ ద జెర్విల్ తన మిత్రునికి రాసిన ఒక లేఖలో ఈ వాస్తురీతికి ‘రోమన్’ అనే విశేషణం వాడాడు. లాటిన్ నుంచి మార్పు చెంది ఫ్రెంచి, ఇటాలియన్, స్పానిష్ వంటి దేశభాషలు పుట్టినట్లే, ప్రాచీన రోము వాస్తువు నుంచి మార్పు చెంది ఈ రీతి పుట్టిందని ఆయన భావన. సంస్కృతం, ప్రాకృతాల సంబంధం తెలిసినవారికి ఈ పోలిక సులభంగానే బోధపడుతుంది. ఆ మార్పును జెర్విల్ క్షీణతగానే చూశాడు. దేశభాషల మీద పండితులకున్న చిన్నచూపు ఇళ్ల మీద కూడా ప్రసరించింది. రోమనెస్క్ చర్చి క్రమంగా గౌరవం సంపాదించుకున్నది కాని, రోమనెస్క్ ఇల్లు ఆ గౌరవం కోసం మరి కొంతకాలం ఎదురుచూడవలసి వచ్చింది.

మఠం పోయింది, ఇళ్లు మిగిలాయి

ఈ విషయంలో ఫ్రాన్సులోని బర్గండీ ప్రాంతానికి చెందిన క్లూనీ పట్టణం కన్న మంచి ఉదాహరణ లేదు. 910లో అక్విటేన్ డ్యూకు విలియం స్థాపించిన బెనెడిక్టైన్ మఠం చుట్టూ పెరిగిన ఊరు అది. 1088లో అక్కడ ప్రారంభమైన మూడవ చర్చి 1130లో పోప్ ఇన్నొసెంట్ II చేతుల మీదుగా ప్రతిష్ఠ పొందింది. సుమారు 187 మీటర్ల పొడవున్న ఆ కట్టడం, 16వ శతాబ్దిలో రోములో సెయింట్ పీటర్స్ చర్చి పునర్నిర్మాణం మొదలయ్యేదాకా క్రైస్తవ ప్రపంచంలోకెల్లా పెద్దది. ఫ్రెంచి విప్లవం తరువాత మఠం రద్దయి, 1798లో ఆ చర్చి వ్యాపారుల పాలైంది. 1820ల దాకా దాన్ని రాళ్ల గనిగా తవ్వుకున్నారు. నేడు మిగిలింది పదో వంతు కూడా ఉండదు. అమెరికన్ పండితుడు కెనెత్ జాన్ కొనాంట్ 1928 నుంచి 1950 దాకా తవ్వకాలు జరిపి, కాగితం మీద దాన్ని మళ్లీ నిలబెట్టవలసి వచ్చింది.

అదే ఊళ్లో, అంతటి పటిష్ఠత లేని, అంతటి కీర్తి లేని ఇళ్లు ఎన్నో నిలిచిపోయాయి. కారణం సులభం. చర్చికి యజమాని మఠం ఒక్కటే. ఆ యజమాని పోగానే చర్చి దిక్కులేనిదైంది. ఇంటికి మాత్రం ప్రతి తరంలో ఒక యజమాని ఉన్నాడు. వాన కురిస్తే కప్పు సరిచేసుకున్నాడు, గోడ బీటవారితే పూడ్చుకున్నాడు. వాడకమే ఆ ఇళ్లను బతికించింది. అయితే ఆ వాడకమే వాటి రూపాన్ని మార్చింది కూడా. పరిరక్షకులు ఎదుర్కొనే చిక్కు అంతా ఈ రెండు వాక్యాల మధ్యనే ఉన్నది.

క్లూనీ ఇంటి నిర్మాణ విధానం స్పష్టమైనది. వీధి వైపు వెడల్పు తక్కువ, లోపలికి పొడవు ఎక్కువ. కింది అంతస్తులో ఒక పెద్ద కమాను, దాని వెనుక కొట్టో కార్ఖానాయో ఉండేది. కమాను పక్కనే ఒక ఇరుకు ద్వారం, అందులోంచి తిన్నగా పైకి పోయే మెట్లు. కొట్టులోకి పోకుండానే పై ఇంటికి చేరవచ్చు. పై అంతస్తులో వీధి వైపున ప్రధానమైన గది. ఆ గదికి వెలుతురునిచ్చేది గోడ పొడవునా సాగే గవాక్షపంక్తి, అంటే సన్నని స్తంభికల మీద నిలిచిన చిన్న చిన్న కమానుల కిటికీల వరుస. ఆ స్తంభికల శీర్షాల మీద ఆకులు, జంతువులు, మనుషుల బొమ్మలు. కొన్నిచోట్ల స్తంభికలకు బదులు ప్రాచీన రోమన్ పద్ధతిలో గాళ్లు దీసిన చదరపు స్తంభాలు. ఇంటి వెనుక పెరడు. వ్యాపారం కింద, సంసారం పైన, రెంటికీ వేరువేరు దారులు. ఇది కేవలం అలంకరణ కాదు, ఒక కొత్త పట్టణ వర్గం తన జీవితాన్ని రాతిలో అమర్చుకున్న తీరు.

ఈ రూపం చెదిరిన క్రమం కూడా అంతే స్పష్టం. కాలం మారిన కొద్దీ కొట్టుకు పెద్ద ముఖద్వారం కావలసి వచ్చింది, కమాను తెగింది. పెద్ద అద్దాల కిటికీలు వాడుకలోకి వచ్చాయి, గవాక్షపంక్తిలో సగం పూడ్చి, మిగిలిన సగం పగలగొట్టి నిలువు కిటికీలు పెట్టారు. దాని మీద గచ్చు పూత పడింది. వీధిలో నడిచేవానికి అది 18వ శతాబ్దపు సాదా ఇల్లు. లోపల మాత్రం 12వ శతాబ్దం నిద్రిస్తున్నది. ఊడివచ్చిన శిల్పఖండాలు కొన్ని క్లూనీ మ్యూజియంకు చేరాయి. అక్కడ అవి క్షేమమే, కాని వీధిని కోల్పోయాయి. ఒక పద్యాన్ని కావ్యంలోంచి తీసి చాటువుగా చదువుకున్నట్లే, మ్యూజియంలో ఆ స్తంభశీర్షం అందంగా కనిపిస్తుంది గాని, దాని సందర్భం కనిపించదు.

పూరించిన పాఠం

19వ శతాబ్ది మధ్యలో ఈ ఇళ్లు పండితుల కంటబడ్డాయి. ఐమార్ వెర్దియే, ఫ్రాన్స్వా కత్వా 1855-57 మధ్య మధ్యయుగాల గృహవాస్తువు మీద ప్రచురించిన గ్రంథంలో క్లూనీ ఇళ్ల చిత్రాలు వేశారు. ఆ తరువాత రూపు మారిన ఇళ్లకు ఆ చిత్రాలే ఆధారం. వియొలే ల ద్యూక్ తన వాస్తునిఘంటువులో ‘ఇల్లు’ అనే ఆరోపానికి పెద్ద వ్యాసమే కేటాయించాడు. చర్చికి దీటుగా ఇంటిని కూడా శాస్త్రవిషయంగా నిలబెట్టిన ఘనత ఆయనకు దక్కవలసిందే. అయితే ఆ ఇంటిని ఆయన ఎలా బాగుచేశాడన్నది వేరే ప్రశ్న.

దక్షిణ ఫ్రాన్సులో అవేరాన్ నది ఒడ్డున ఉన్న సెంట్ ఆంటొనిన్ పట్టణంలో 12వ శతాబ్దికి చెందిన ఒక భవనం ఉన్నది. మొదట ఒక ప్రముఖుని నివాసం, 14వ శతాబ్దిలో పట్టణ పాలకుల చేతికి వచ్చింది. ఫ్రాన్సులో మిగిలిన పౌరభవనాలలో అతి ప్రాచీనమైన వాటిలో ఇదొకటి. మొదటి అంతస్తు గవాక్షపంక్తిలో ఒక స్తంభం మీద ఆదాము, అవ్వల బొమ్మలు, మరొక స్తంభం మీద ధర్మశాస్త్ర గ్రంథం చేతబట్టిన జస్టీనియన్ చక్రవర్తి బొమ్మ ఉన్నాయి. ఒకవైపు పాపం, మరొకవైపు న్యాయం. వ్యవహారాలు తీర్చే ఇంటికి అంతకన్న తగిన బొమ్మలు లేవు. 1840ల దశకంలో శిథిలావస్థలో ఉన్న ఆ భవనాన్ని వియొలే ల ద్యూక్ పునరుద్ధరించాడు. ఆయన పూనిక లేకుంటే అది నేడు ఉండేది కాదేమో. అయితే ఆయన దాని గోపురానికి ఇటలీ పట్టణాల భవనాలను తలపించే శిఖరభాగాన్ని చేర్చాడు. ఈ ఊరి ఇంటికి ఆ శిఖరం సహజమైనది కాదు. ఆయనకు ఊహలో కనిపించిన పౌరభవనానికి అది సహజమైనది.

ఇది అనాలోచితంగా చేసిన పని కాదు, ఆయన సిద్ధాంతానికి ఫలితం. పునరుద్ధరణ అంటే మరమ్మతు కాదనీ, కట్టడానికి దాని అంతర్గత న్యాయం ప్రకారం సంపూర్ణరూపం ఇవ్వడమనీ, ఆ రూపం చరిత్రలో ఏ ఒక్క రోజునా ఉండి ఉండకపోయినా ఫరవాలేదనీ ఆయన నమ్మకం. తాళపత్ర ప్రతిలో చెదలు తిన్న చరణాన్ని తన కవిత్వంతో పూరించే పరిష్కర్త చేసే పని ఇదే. పద్యం చదవడానికి బాగుంటుంది, ఛందస్సు తప్పదు, కవి మాత్రం మారిపోతాడు. ఇక్కడ మరొక విచిత్రం ఉన్నది. ఆ ప్రక్షిప్తానికే ఇప్పుడు నూట డెబ్బై ఏళ్లు దాటాయి. ఊరివారికి ఆ శిఖరం లేని భవనం ఊహకందదు. దాన్ని తీసివేయడం కూడా మరొక ప్రక్షిప్తమే అవుతుంది. పరిష్కర్త చేర్చిన పాఠం కూడా కొంతకాలానికి పాఠచరిత్రలో భాగమవుతుందన్న సత్యాన్ని ఆ గోపురం మౌనంగా చెబుతున్నది.

ఈ ధోరణికి ఎదురుతిరిగినవారు ఇంగ్లండులో రస్కిన్, మోరిస్. 1877లో విలియం మోరిస్ ప్రాచీన కట్టడాల రక్షణ సంఘాన్ని స్థాపించి, పాత గోడల గచ్చు గీకి ‘అసలు’ రాయిని బయటపెట్టే ఉత్సాహాన్ని తీవ్రంగా విమర్శించాడు. ఆ ఉత్సాహం నేటికీ తగ్గలేదు. మధ్యయుగపు ఇళ్లకు తరచుగా సున్నపు పూత, రంగుల అలంకరణ ఉండేవి. గచ్చు తీసి రాయిని నగ్నంగా నిలబెడితే పర్యాటకునికి ప్రాచీనంగా కనిపిస్తుందే గాని, ఆ ఇల్లు ఏ కాలంలోనూ అలా ఉండకపోవచ్చు. ప్రాచీనతా భ్రమను ప్రాచీనతగా చెలామణి చేయడం వియొలే ల ద్యూక్ శిఖరం కన్న చిన్న తప్పేమీ కాదు. ఆయన కనీసం తన ఊహను దాచుకోలేదు.

పేరులో ఉన్న చరిత్ర

గోడకు జరిగే అన్యాయం కంటికి కనిపిస్తుంది. పేరుకు జరిగే అన్యాయం కనిపించదు. ఇంగ్లండులోని లింకన్ పట్టణంలో కొండ మీది కేథడ్రల్‌కు పోయే ఏటవాలు వీధిలో 12వ శతాబ్ది ఉత్తరార్ధానికి చెందిన ఒక రాతి ఇల్లున్నది. దాని నిర్మాణంలో ఒక చాతుర్యం గమనించదగినది. వీధి ద్వారం మీది కమానే పై అంతస్తు గదిలోని చలిమంట పొయ్యికి, దాని పొగగొట్టానికి ఆధారం. ఇంటి పేరు ‘యూదు ఇల్లు’. ఇది వట్టి ఊహ కాదు. 13వ శతాబ్ది చివర అది బెలసెట్ అనే యూదు మహిళ అధీనంలో ఉండేది. నాణేల అంచులు కత్తిరించిందన్న అభియోగం మీద ఆమెను ఉరితీశారు. 1290లో ఎడ్వర్డ్ I ఇంగ్లండు నుంచి యూదులందరినీ వెళ్లగొట్టాడు. ఆ ఇల్లు ఉన్నది, ఆ ఇంటివారు లేరు.

అదే వీధిలో పైన ఉన్న మరొక రోమనెస్క్ ఇంటిని చాలాకాలం ‘ఆరన్ ఇల్లు’ అన్నారు. 1186లో మరణించిన ఆరన్ ఆనాటి ఇంగ్లండులో మహాధనికుడైన వడ్డీవ్యాపారి. ఆ ఇంటికి ఆయనతో సంబంధం లేదని పండితులు తేల్చాక దాన్ని ‘నార్మన్ ఇల్లు’ అంటున్నారు. పేరు సవరించడం న్యాయమే. కాని ‘యూదు ఇల్లు’ పక్కనే ఉన్న మరొక కట్టడంలో జరిగింది ఇంతకన్న తీవ్రమైనది. 1255లో లింకన్‌లో ఒక బాలుని మరణాన్ని యూదులకు అంటగట్టి, అనేకులను చంపారు. ఆ అపవాదు కథకు సాక్ష్యంగా, 20వ శతాబ్ది ఆరంభంలో ఆ కట్టడంలో ఒక బావిని చూపి, బాలుని శవం దొరికిన చోటు అదేనని సందర్శకులను ఆకర్షించారు. ఆ బావి కొత్తగా తవ్వినదని తరువాత తేలింది. 1955లో లింకన్ కేథడ్రల్ వారు ఆ పాత కథ అసత్యమని ప్రకటించే ఫలకాన్ని చర్చిలోనే పెట్టారు.

సెంట్ ఆంటొనిన్ గోపురం సౌందర్య ప్రక్షిప్తం. లింకన్ బావి విద్వేష ప్రక్షిప్తం. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టే పరిరక్షణ సిద్ధాంతం సరైనది కాదు. అన్ని కాలాల చేర్పులనూ గౌరవించాలన్న సూత్రానికి హద్దు ఎక్కడున్నదో ఆ బావి చూపుతుంది. ఒక చేర్పు ఇంటి చరిత్రను కొనసాగిస్తున్నదా, లేక దాన్ని వక్రీకరిస్తున్నదా అన్న విచక్షణ లేకపోతే, గౌరవం అన్న మాటకు అర్థం లేదు.

కూలినదానిని మళ్లీ కట్టడం

జర్మనీలోని కొలోన్‌లో సుమారు 1230 నాటి ఓవర్‌స్టోల్జ్ ఇల్లు మరొక ప్రశ్న లేవనెత్తుతుంది. మెట్లమెట్లుగా పైకిపోయే ముఖభాగం గల ఆ వర్తకభవనం రెండవ ప్రపంచ యుద్ధంలో బాంబుదాడులకు తీవ్రంగా దెబ్బతిన్నది. యుద్ధానంతరం దాన్ని మళ్లీ కట్టారు. నేడు చూసేవారికి కనిపించేది చాలావరకు 20వ శతాబ్దపు పని. అయినా అది నకలు అని తోసివేయడం కష్టం. అదే పట్టణంలో పన్నెండు రోమనెస్క్ చర్చిలు అదే విధంగా శిథిలాల నుంచి లేచాయి. 1985లో వాటి పునర్నిర్మాణాన్ని పురస్కరించుకుని ఏడాది పొడవునా ఉత్సవాలు జరిగాయి. చర్చిలు పన్నెండు, ఆ స్థాయిలో నిలిచిన వర్తకుని ఇల్లు దాదాపు ఒక్కటే. మధ్యయుగపు కొలోన్‌ను సంపన్నం చేసిన వర్తకులు ఆ పట్టణ రూపంలో ఎంత తక్కువగా మిగిలారో ఈ లెక్కే చెబుతుంది. మిగిలిన ఆ ఒక్క ఇల్లు కూడా లేకపోతే, ఆ చర్చిలు ఎవరి డబ్బుతో, ఎవరి భక్తితో లేచాయో చూపడానికి ఏమీ ఉండేది కాదు.

1964 నాటి వెనిస్ శాసనపత్రం ఈ చర్చలకు ఒక సమాధానం ఇవ్వజూసింది. ఊహ మొదలైనచోట పునరుద్ధరణ ఆగిపోవాలనీ, కొత్తగా చేర్చినది చూడగానే తెలియాలనీ, ఏ ఒక్క కాలానికో కాక అన్ని కాలాల చేర్పులకూ విలువనివ్వాలనీ దాని సారాంశం. ఇది పాఠపరిష్కరణ మర్యాదే. పరిష్కర్త తన సవరణను కుండలీకరణాలలో పెడతాడు, పాఠాంతరాలను అధఃసూచికలో ఇస్తాడు. భారత పురావస్తు శాఖకు 1902 నుంచి 1928 దాకా అధిపతిగా ఉన్న జాన్ మార్షల్ 1923లో వెలువరించిన పరిరక్షణ మార్గదర్శిలో కూడా మోరిస్ సంప్రదాయం ప్రతిధ్వనిస్తుంది. కొత్తగా కట్టడం కన్న ఉన్నదాన్ని నిలపడమే మిన్న అన్న నియమం ఈ దేశపు అధికారులకు ఆ మార్గంలోనే అందింది. అయితే ఆ నియమం ప్రధానంగా శిథిలాల కోసం రూపొందినది. మనుషులుండే ఇంటికి దాన్ని యథాతథంగా వర్తింపజేయలేము. శిథిలానికి స్నానాలగది అక్కరలేదు, విద్యుత్తు తీగలు అక్కరలేదు.

అందుచేతనే ఇంటి పరిరక్షణలో చివరి ప్రశ్న గోడలది కాదు, గోడల మధ్య మనుషులది. 1962లో ఫ్రాన్సులో ఆంద్రే మల్రో పేరుతో వచ్చిన చట్టం విడి కట్టడాలనే గాక పాత పేటలను మొత్తంగా రక్షించే మార్గం చూపింది. ఆ చట్టం ఎన్నో పేటలను కూల్చివేత నుంచి కాపాడింది. కాని పారిస్‌లోని మారే ప్రాంతంలో పెరళ్ల చేర్పులు తొలగి, భవనాలు మెరుగైన కొద్దీ, అక్కడి చేతిపనివారు, పేద కుటుంబాలు కదలిపోయారు. ఇటలీలోని బొలోన్యా నగరం 1973లో దీనికి భిన్నమైన దారి ఎంచుకున్నది. పాత నగర కేంద్రంలోని ఇళ్లను అక్కడి పాత నివాసులే ఉండేట్లు ప్రజాగృహ పథకం కింద బాగుచేయాలని పూనుకున్నది. ఆ పథకం పూర్తిగా నెరవేరలేదన్న విమర్శ ఉన్నా, ఇంటిని కాపాడడమంటే ఇంటివారిని కూడా కాపాడడమన్న ఆలోచనను ఒక నగరపాలన అధికారికంగా అంగీకరించడం విశేషం.

క్లూనీకి తిరిగివస్తే, అక్కడ జరిగిన అతి విలువైన పని ఏ రాయినీ కదిలించనిది. పియెర్ గరీగూ గ్రాంషాం, మరి ముగ్గురు పండితులు కలిసి ఆ పట్టణపు ఇళ్లను ఒక్కొక్కటిగా పరిశీలించి, 1997లో వాటి చరిత్రను గ్రంథంగా వెలువరించారు. గచ్చు కింద కమానును, అటక మీద పాత వాసాలను, పూడ్చిన గోడలో స్తంభికను వెతికి, కొలిచి, బొమ్మ గీసి, కాలనిర్ణయం చేశారు. ఇటువంటి పనిలో దూలాల కలపలోని వార్షిక వలయాలను లెక్కించే పద్ధతి కూడా తోడ్పడుతుంది. సామాన్యమైన ఇల్లుగా కనిపించే దానిలో ఏ కాలపు పొర ఎక్కడున్నదో తెలిశాక, యజమాని కొత్త కిటికీ పెట్టుకోదలిస్తే దేన్ని తాకకూడదో చెప్పడం సాధ్యమవుతుంది. ప్రతి ఇంటినీ 12వ శతాబ్దానికి తిరగదోడనక్కరలేదు. ఆ శతాబ్దాన్ని తెలియక చెరపకుండా ఉంటే చాలు.

పరిరక్షణలో తొలి సాధనం సుత్తి కాదు, అధ్యయనం. మంచి పరిష్కర్త ముందు ప్రతులన్నీ సేకరిస్తాడు, తరువాత చదువుతాడు, అన్నిటికన్న చివర, అది కూడా తప్పనిసరి అయితేనే, కలం పట్టుకుంటాడు. ఎనిమిది శతాబ్దాల పాటు క్లూనీ ఇళ్లను కాపాడినవారు శాస్త్రవేత్తలు కారు. వానాకాలం ముందు కప్పు చూసుకున్న గృహస్థులు. వారి పనిని శాస్త్రం కొనసాగించాలంటే, ఆ ఇళ్లలో దీపం వెలుగుతూ ఉండాలి, కింది కమాను వెనుక ఏదో ఒక కొట్టు తెరుచుకుంటూ ఉండాలి. మహాచర్చిని నేలమట్టం చేసిన కాలం, మెట్ల పక్కన కొట్టు పెట్టుకున్నవాని ఇంటిని ఎందుకు వదిలివేసిందో ఆ దీపమే చెబుతుంది.